ఆ మూల పచ్చగా నిలిచిన వరుస

నా పేరు కొట్టి ఇంటర్నెట్‌లో వెతికితే అన్నిటికంటే పైన ఒక పేపరు కనబడుతుంది. వానలు లేకపోయినా వేరుశనగ మొక్కను నిలబెట్టే జన్యువు గురించి రాసింది. నేను రాసినవాటన్నిటిలోకీ ఎక్కువమంది ఉదహరించింది దాన్నే. ఏవేవో దేశాలవాళ్ళు ఇప్పటికీ ఎక్కడో ఒకచోట దాని పేరు రాస్తూనే ఉంటారు. దాని నెత్తిన ‘ఉపసంహరించుకున్నారు’ అని ఎర్ర అక్షరాలతో ఉంటుంది. ఆ ఎర్ర అక్షరాలు కూడా చదవకుండా నన్ను ఉదహరించేవాళ్ళు ఇంతమంది ఉన్నారంటే, చదవకుండా రాసే విద్యలో మన శాస్త్రలోకం ఎంత పైకి వచ్చిందో మీరే ఊహించుకోండి.

రిటైరయ్యాక నా దగ్గరికి వచ్చే పిల్లలు, “మేడం, మీ పరిశోధన ప్రభావం ఇంత ఉంది, మాకు రెండు మాటలు చెప్పండి” అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఎక్కడైనా దాక్కోవాలనిపిస్తుంది. ఇది వినయం అనుకునేరు. సిగ్గు. ఏ విషయంలో సిగ్గో చెప్పాలంటే మొదటినుంచీ చెప్పాలి. ఓపికుంటే చదవండి.

మా నాయన పరుపులు కుట్టేవాడు. దూది ఏకే విల్లు భుజాన వేసుకుని కళ్యాణదుర్గం చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగేవాడు. అట్లా తిరిగిన ఊళ్ళలో ఒక ఊరి రైతు ఆయనకు అన్నలాంటివాడు. పండగకు పిలిచేవాడు, రంజాన్‌కు మా ఇంటికి వచ్చి సేమ్యా తినిపోయేవాడు. నాకు పెద్దనాయన. ఆయన ఇంటిని ఆ ఊళ్ళో గింజల ఇల్లు అనేవాళ్ళు. విత్తడానికి చాలిన మొదటి పదును వాన పడగానే ఊరివాళ్ళు సంచులు పట్టుకుని ఆ ఇంటి ముందుకే వచ్చేవాళ్ళు. ఆ ఇంటి విత్తనంలో వేరే రకం గింజ కలవదని అందరి నమ్మకం. ఆయన ఆస్తి ఎర్రనేల కొంత, ఆ నమ్మకం కొంత. రెండోదే పెద్దది.

నేను అనంతపురం యూనివర్సిటీలో ఉద్యోగంలో చేరి, ల్యాబు అనే పేరుకు తగిన గది ఒకటి సంపాదించుకున్నాక, పాత స్థానిక వేరుశనగ రకాలు కావలసి వచ్చాయి. మా నాయన నన్ను నేరుగా ఆ ఇంటికే తీసుకుపోయాడు.

“ఏమప్పా, నీ కూతురు అంత పెద్ద సదువులు సదివి మల్లా చెనిక్కాయల కాడికే వచ్చిందే!” అని నవ్వాడు పెద్దనాయన. వేరుశనగ మా సీమలో చెనిక్కాయే.

“ఏం జేస్తావన్నా, ఈడ పుట్టినాక యాడికి పోతాది” అన్నాడు మా నాయన.

వాళ్ళ తాతల కాలం నుంచి వస్తున్న రకం ఒకటి ఆయన వేరుగా చిన్న నేల చెక్కలో పండించుకునేవాడు. దానికి మార్కెట్లో ధర రాదు, కాయ చిన్నది. అయినా వదలలేదు. ఆ గింజలు గుడ్డలో కట్టి నా చేతిలో పెట్టి, “ఇందులో ఏరే గింజ ఉండదు పాపా. నువ్వు చూసుకోవాల్సిన పని లేదు” అన్నాడు.

పని సంగతి కాస్త చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఆ పాత రకాన్ని, రైతులందరూ వేసే రకంతో కలిపి సంకరం చేశాం. పుట్టిన మొక్కల ఆకులు తుంచి, గడ్డకట్టించి, నూరి, డీఎన్‌ఏ తీసి చూసేవాళ్ళం. పాత రకంలో మాత్రమే ఉన్న ఒక జన్యువు కొన్ని పిల్ల మొక్కలకు వచ్చింది, మిగతావాటికి రాలేదు. రెండు రకాల మొక్కల్నీ చేనులో వేసి, వాన ఎగ్గొట్టినప్పుడు ఏది నిలబడుతుందో చూడాలి. వాన ఎగ్గొట్టించడానికి మా జిల్లాలో ప్రత్యేకమైన ఏర్పాట్లేమీ అక్కర్లేదు. దానంతటదే ఎగ్గొడుతుంది.

జన్యువు వచ్చిన మొక్కల గింజలు గుప్పెడే ఉండేవి. విత్తిన మర్నాడే కాకులూ ఉడతలూ నెమళ్ళూ తవ్వుకు తినేవి, ఊడలు మట్టిలోకి దిగి కాయ పట్టాక అడవిపందులు వచ్చేవి. ఏ మడిలో ఏది వేయాలో చీటీలు తీసి నిర్ణయించాలన్నది మా విద్యలో మొదటి పాఠం. చీటీలు తీశాం. ఆ గుప్పెడు గింజల్ని మాత్రం చీటీల్లో కలపలేదు. మనుషుల కంటి ముందు భద్రంగా ఉంటాయని రేకుల షెడ్డు పక్కన మూలలో వేశాం. గింజలు పెరిగాక కూడా, అచ్చొచ్చిన చోటు కదా అన్నట్టు ఏటా అక్కడే వేశాం. ఆ సంగతి పేపర్లో ఒక వాక్యంగా రాశాం కూడా. సమీక్షించిన పండితులెవరూ అదేమిటని అడగలేదు.

ప్రయోగం చేసే చేనుకు చుట్టూ అదనంగా అంచు వరుసలు వేస్తారు. అంచున గాలీ ఎండా వేరుగా తగులుతాయి కాబట్టి వాటి లెక్క తీసుకోరు. మా షెడ్డుకూ ఆ జన్యువున్న వరుసలకూ మధ్య ఉన్నవి ఆ లెక్కలోకి రాని వరుసలే.

వరుసగా అన్నేళ్ళూ అదే తమాషా. వాన మొహం చాటేసేది. చేనంతా ఆకులు ముడుచుకుని తల వాల్చేసేది. ఆ మూల మాత్రం పచ్చగా నిలబడేది. నా సీనియర్ స్కాలరు, చిలమత్తూరు అబ్బాయి, ఆ మూలకు పోయి మొక్కల్ని నిమిరి వచ్చేవాడు. నేను కూడా నిమిరాను, అబద్ధమెందుకు. పేపరు విదేశీ పత్రికలో వచ్చింది. మా డైరెక్టరుగారు మిఠాయిలు పంచారు. విలేకరులు వచ్చినప్పుడు పెద్దనాయనను పిలిపించి పక్కన నిలబెట్టుకుని ఫోటో తీయించుకున్నాను. ఆ ఫోటో పడిన పేపరు ఆయన ఊళ్ళో ఎన్ని చేతులు మారిందో! ఆయన విత్తనంలో దేశాలు వెతికే గుణం ఉందంటే ఆ ఊరికే గొప్ప.

ఆ మరుసటి ఏడు గోదావరి పక్కనుంచి ఒక అమ్మాయి స్కాలరుగా చేరింది. మొదటిరోజు చేను దగ్గర మధ్యాహ్నం అన్నాలు తిన్నాక, ఆ అమ్మాయి చెంబుతో నీళ్ళు తీసుకుని నడిచే దారిలో నిలబడి చెయ్యి కడిగింది. కూలికి వచ్చిన ఆడవాళ్ళు కయ్యిమన్నారు.

“యాడ పోస్తాండావు పాపా నీళ్ళు? దావన పోస్తే ఏమొస్తాది? ఆ చెట్లకు పోయరాదా!”

నాకు నవ్వొచ్చింది. కాలవల మధ్య పెరిగిన పిల్ల, నీళ్ళ విలువ తెలీదు, నేర్చుకుంటుంది అనుకున్నాను.

మా సీమ మనుషులు నీళ్ళు ఊరికే పారబోయరు. చెయ్యి కడగాలంటే కాళ్ళు వాటంతటవే ఏదో ఒక చెట్టు మొదలు వైపు నడుస్తాయి. పెళ్ళి భోజనాలప్పుడు చూడండి, పందిరి పక్కనున్న ఒక్క కరివేపాకు చెట్టు దగ్గర ఎంతమంది వంగి ఉంటారో. మా అమ్మ బియ్యం కడిగిన నీళ్ళతో మల్లెచెట్టు పెంచింది. ఇది అలవాటని కూడా మాకు తెలీదు. ఊపిరి పీల్చడం అలవాటని ఎవరనుకుంటారు?

కొన్నాళ్ళకు, వాన మళ్ళీ ముఖం చాటేసిన ఒక మధ్యాహ్నం, నేను అన్నం తిని క్యారియర్ గిన్నెలు కడుగుతున్నాను. ఆ అమ్మాయి వచ్చి పక్కన నిలబడింది.

“మేడం, ఒకటి అడగనా? కోప్పడరు కదా?”

“అడుగు.”

“ఈ చేనుకి నీళ్ళు పెట్టకూడదు కదండీ?”

“ఎవరు పెడుతున్నారు?”

“మరి మీరిప్పుడు చేస్తున్నదేంటండి?”

నా ఎడమ చేతిలో చెంబు ఉంది. కుడి చేతి నుంచి నీళ్ళు మొక్కల మొదట్లోకి కారుతున్నాయి. “ఇది అంచు వరుస, లెక్కలోకి రాదు” అన్నాను, పాఠం చెప్పే గొంతుతోనే.

“మనకి రాదండి. నీళ్ళకా సంగతి తెలుసంటారా?”

వెనక్కి తిరిగి చూశాను. షెడ్డు నీడలో కూలీలు, స్కాలర్లు, జీపు డ్రైవరు, ప్రయోగం చూడ్డానికి వచ్చిన కాలేజీ పిల్లలు తింటున్నారు. తిన్నవాళ్ళు తిన్నట్టు లేచి వచ్చి, నేను నిలబడిన చోటే వరసగా వంగి చేతులూ గిన్నెలూ మొహాలూ కడుక్కుంటున్నారు. ఇన్నేళ్ళుగా రోజూ జరిగేదే. మా అందరి కళ్ళ ముందే జరిగేదే.  

చిలమత్తూరు అబ్బాయిని పిలిచి పార తెమ్మన్నాను. అంచు వరుస పక్కన తవ్వాడు. జానెడు దిగగానే పార ఠంగుమంది. కింద బండ. మా నేలలన్నీ అంతే కదా, పైన దుప్పటి పరిచినట్టు కాస్త ఎర్రమట్టి, కింద రాయి. పోసిన నీళ్ళు దిగే దారి లేక, బండ వాలును పట్టుకుని పక్కకు పాకాయి. అంచు వరుసల కింద మట్టి చెమ్మగా ఉంది. లోపలికి తవ్వుకుంటూ పోతే మన జన్యువున్న వరుసల కిందా చెమ్మే. అవి దాటాక పొడి దుమ్ము.

 ఆ అబ్బాయి పార పక్కన పెట్టి, “చేతులు కడిగిన నీళ్ళు గదా మేడం, ఎంతుంటాయి? దానికే నిలబడతాయా?” అన్నాడు. ఆ అబ్బాయి థీసిస్ మొత్తం ఆ మూల మీదే నిలబడి ఉంది. ఎండకు ప్రాణం పోతున్న మొక్కకు ఎన్ని నీళ్ళు చాలునో మా ఇద్దరికీ తెలుసు. మేము చదివిందే అది.

తర్వాతి పైరుకు ఆ గింజల్ని కూడా చీటీల్లో కలిపాం. చేను చుట్టూ తాడు కట్టి, చేతులు కడుక్కోవడానికి దూరంగా డ్రమ్ము పెట్టాం. అయినా కూలి ఆడవాళ్ళకు మనసొప్పక, డ్రమ్ములోని నీళ్ళు సాయంత్రం పూట మోసుకుపోయి వేపచెట్టుకు పోసేవాళ్ళు. వాన ఎప్పటిలాగే మానేసింది. జన్యువున్నవీ లేనివీ ఒకేసారి తల వాల్చేశాయి. నేను ఆ వరుసల మధ్య నిలబడి వాటిని నోటికొచ్చినట్టు తిట్టాను. అవేం చేశాయి పాపం.

ఇక్కడితో అయిపోయి ఉంటే బాగుండేది. పేపరు వచ్చిన ఉత్సాహంలో మేము ఆ విత్తనాన్ని వేరేచోట బోరు కింద బాగా పెంచి ఉంచాం. రైతుమేళాలో పంచాలని సంచులు సిద్ధం. ‘కరువును తట్టుకునే రకం’ అని సంచుల మీద అచ్చు కూడా వేయించారు. నేను డైరెక్టరుగారి దగ్గరికి పోయి ఉన్నది చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“విత్తనం చెడ్డదేం కాదు కదమ్మా? మామూలు దిగుబడి వస్తుంది. ఆ అచ్చు మీద ఒక కాగితం అంటించి పంచేద్దాం. ఊరికే రచ్చ ఎందుకు?”

ఆ మాట నాకు నచ్చింది. ఇంటికి పోయి ఆ రాత్రంతా దాన్నే నెమరువేసుకున్నాను. కానీ ఫోటోలు పడ్డాయి, ఊరూరా తెలిసిపోయింది. ఆ పేరు నమ్మి రైతులు కొర్రలూ ఉలవలూ వేసుకునే గులకరాళ్ళ గరప నేలల్లో కూడా ఈ చెనిక్కాయ వేస్తారు. అప్పు తెచ్చి వేస్తారు. కాగితం అంటిస్తే ఆగే నమ్మకం కాదది. మేళాలో నేనే చెబుతానన్నాను. డైరెక్టరుగారు కళ్ళజోడు పెట్టుకుని, “నీ ఇష్టం, నా పేరు మాత్రం ఎత్తకు” అన్నారు.

మేళా రోజున పెద్దనాయన తమ ఊరివాళ్ళను ఒక టెంపో నిండా వెంటబెట్టుకుని వచ్చాడు. ఉతికిన పంచె, కొత్త టవలు. ఆయన విత్తనమని ముందే వేదిక మీద కూర్చోబెట్టి దండ వేశారు. నేను ఆయనకు ముందుగా చెప్పి ఉండవలసింది. చెప్పడానికి రెండుసార్లు దగ్గరికి పోయాను, ఆయన నా చెయ్యి పట్టుకుని ఊరివాళ్ళకు చూపిస్తూ, “మా పరుపులాయన కూతురు” అని పరిచయం చేస్తుంటే చెప్పకుండానే వెనక్కి వచ్చేశాను.

మైకు ముందు నిలబడి చెప్పాను. తప్పించుకునే మాటలేవీ వాడలేదు. “ఈ రకానికి కరువును తట్టుకునే శక్తి లేదు. మేము రోజూ అన్నం తిని చేతులు కడుక్కున్న నీళ్ళు తాగి అది పచ్చగా ఉంది. మేము గమనించలేదు. తప్పు మాది” అన్నాను.

 వెనకనుంచి ఒకాయన లేచాడు. “అట్లయితే మా చేన్ల గట్ల మీద గూడా మేడమోళ్ళను కూర్చోబెట్టి అన్నాలు పెడతామప్పా! ఇత్తనాలెందుకు?”

పందిరి పందిరంతా నవ్వింది. మా వాళ్ళు కూడా నవ్వారు. ఇంకొకాయన, “దినామూ బిర్యానీ పెడితే ఇంగా బాగా కాస్తాదేమో!” అన్నాడు. మళ్ళీ నవ్వులు.  పెద్దనాయన ఒక్కడే నవ్వలేదు. మెడలో దండతో అలాగే కూర్చుని నన్నే చూస్తున్నాడు.

మేళా అయ్యాక బండ్లు ఆపిన చోట వేపచెట్టు చాటున నిలబడి కళ్ళు తుడుచుకుంటుంటే ఆయన వెతుక్కుంటూ వచ్చాడు.

“ఆ నవ్వే నాకొడుకుల్ని పట్టించుకోవద్దు పాపా.”

“తప్పు మాదే గదా పెద్దనాయనా. నవ్వనీ.”

“అది సరే. ఇప్పుడు నీ ఉద్యోగానికేమన్నా అయితాదా?”

పిల్లలూ, ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. ప్రభుత్వ యూనివర్సిటీలో ప్రొఫెసరు ఉద్యోగం చేతులు కడిగిన నీళ్ళకు కొట్టుకుపోదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. మహా అయితే ఒక సంజాయిషీ అడుగుతారు. కానీ అంతమంది నవ్వాక, ఎవరో ఒకరు నన్ను చూసి జాలిపడాలని నాకు ప్రాణం కొట్టుకుపోతోంది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, “పోయినా పోవచ్చు పెద్దనాయనా. ఏం చేస్తారో ఏమో” అన్నాను.

 “పోకూడదు” అన్నాడు. ఆ మాట అనేసి ఆయన టెంపో వైపు నడిచిపోయాడు. నాకు కాస్త ఊరటగా అనిపించింది. ఆ ఊరటను తలచుకుంటేనే ఇప్పుడు నాకు అన్నం సయించదు.

తర్వాత అన్నీ తలకిందులుగా జరిగాయి. పేపరు ఉపసంహరించుకున్నాం. చిలమత్తూరు అబ్బాయి థీసిస్ మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. ఇప్పుడు వేరే రాష్ట్రంలో ప్రొఫెసరు, నా ఫోన్లు ఎత్తడు, నేను తప్పుపట్టను. నన్ను మాత్రం అందరూ మెచ్చుకున్నారు. తప్పును నలుగురిలో ఒప్పుకున్న శాస్త్రవేత్త అని పేపర్లు రాశాయి. పరిశోధనలో నిజాయితీ మీద మాట్లాడమని ఊరూరా పిలిచారు, టీఏ డీఏలు ఇచ్చి. డైరెక్టరుగారు కూడా ఒక సభలో, ఆ నిర్ణయం మేమిద్దరం కలిసి తీసుకున్నదేనని చెప్పారు. నా పేరు కొంతకాలం పాటు నిజాయితీకి మారుపేరైపోయింది. విభాగాధిపతినయ్యాను. ఉపసంహరించిన పేపరును ఉదహరించేవాళ్ళు పెరుగుతూనే ఉన్నారు.

ఆ ఊరికి మాత్రం పోలేదు. మొదట మొహం చెల్లక పోలేదు. తర్వాత మా నాయన చనిపోయాడు, ఆ ఊరికి పోవడానికి సాకు దొరకలేదు. ఆ తర్వాత పని ఉంది, మళ్ళీ పని ఉంది. ఉద్యోగంలో ఉన్నవాళ్ళకు ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు.

పోయినేడు రిటైరయ్యాక అనంతపురంలో నాకు సన్మానం చేశారు. ఫ్లెక్సీ మీద నా ఫోటో, దాని కింద నా ప్రభావం ఎంతో చెప్పే అంకెలు. అందులో సగం ఆ పేపరువే. శాలువా కప్పుకుని ఇంటికి వచ్చి, ఇక ఆగలేక, మర్నాడే కళ్యాణదుర్గం బస్సెక్కాను. అక్కడినుంచి షేర్ ఆటో. గింజల ఇంటి దగ్గర దింపమన్నాను. ఆటో పిల్లవాడికి తెలీలేదు. నా పక్కన కూర్చున్న ఆమె అందుకుంది.

“గింజల ఇల్లంటే ఇప్పుడెవురికి తెలుస్తాది? కల్తీ తాత ఇల్లు అని అడుగు, సూపిస్తారు.”

“కల్తీ తాతా?”

“ఔ. మునుపు ఆయప్ప యూనివర్సిటీవోళ్ళకు కల్తీ ఇత్తనమిచ్చినాడంట. ఆడ ఒక మేడం ఉద్యోగానికే ముప్పు వచ్చిందంట పాపం. ఆయప్పే మేళా నుంచి వస్తా టెంపోలో ఒప్పుకున్నాడు, తప్పు నాదే, గింజలు కలిసిపోయినాయి అని. ఆ యమ్మ మంచిది, ఈయప్ప పరువు కాపాడాలని, ఏదో చేతులు కడిగిన నీళ్ళు అని కత చెప్పిందంట మైకులో.” ఆమె నవ్వింది. “చేతులు కడిగిన నీళ్ళకు అంతంత సైంటిస్టులు మోసపోతారా? ఎవురు నమ్ముతారు?”

“ఇప్పుడు ఆ ఇంట్లో గింజలు తీసుకోరా ఎవరూ?”

“ఎవురు తీసుకుంటారు? కల్తీ అన్న పేరు పడినాక. అప్పుడే పోయింది ఆ యాపారం. అందరూ షాపుల్లోనే కొంటాండారు.”

ఆటోలోంచి దిగి ఎలా నడిచానో నాకు గుర్తులేదు. పెద్దనాయన పంచలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. చూపు తగ్గింది. గొంతు విని గుర్తుపట్టాడు. “మా పరుపులాయన కూతురు వచ్చిందిరా!” అని కొడుకును కేకేశాడు. కొడుకు నాకంటే చిన్నవాడు, కుర్చీ తెచ్చి వేశాడు. కోడలు టీ పెట్టింది. ఇరుగుపొరుగు నలుగురు వచ్చి గోడ దగ్గర నిలబడ్డారు.

టీ తాగలేదు. గ్లాసు కింద పెట్టి, అందరూ వినేట్టు చెప్పాను. విత్తనంలో కల్తీ లేదని. డీఎన్‌ఏలో మేము గింజ గింజా చూశామని, అంత శుభ్రమైన విత్తనం నా జీవితంలో ఇంకెక్కడా చూడలేదని. చేతులు కడిగిన నీళ్ళ మాట కథ కాదని, అచ్చంగా జరిగిందని. మూర్ఖత్వం మాదని. ఏడుస్తూనే చివరిదాకా చెప్పాను.

గోడ దగ్గరున్న ముసలామె చేతులు జోడించింది. “ఎంత పెద్ద మనసమ్మా నీది! ఇన్నేండ్లయినా ఆయప్ప తప్పు నీ నెత్తినేసుకుంటాండావే!”

“నిజంగా చెబుతున్నాను...”

“ఆ యమ్మ అట్లనే చెబుతాది” అని పెద్దనాయన మధ్యలోనే అందుకున్నాడు. “సదువుకున్నోళ్ళ గుణమే అంత. మీరు పోయి మీ పనులు సూసుకోండి.”

వాళ్ళు నన్ను మెచ్చుకుంటూనే వెళ్ళిపోయారు. కొడుకు లోపలికి పోయాడు. మేమిద్దరమే మిగిలాం. “ఎందుకు చేసినావు పెద్దనాయనా? నీకు గింజే గదా బతుకు” అన్నాను.

ఆయన నా వైపు వంగాడు. ఎవరూ వినకూడదన్నట్టు మెల్లగా అడిగాడు. “ఉద్యోగం పోలేదు గదా?”

“లేదు.”

“నాకు తెలుసు! మేళా అయినాక వారానికి మీ యూనివర్సిటీకి పోయి మీ పెద్ద సారుకు నేనే చెప్పొచ్చినా, తప్పు నాది, ఆ పాపనేమీ అనొద్దండి అని. ఆయప్ప కుర్చీ యేయించి టీ గూడా ఇప్పించినాడు.” మొహమంతా వెలిగిపోయింది. “అందుకే నిలబడింది సూడు నీ ఉద్యోగం. పెద్ద పోస్టు గూడా అయినావంట గదా?”

డైరెక్టరుగారు ఆ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. చెప్పినా చెప్పకపోయినా నా ఉద్యోగానికి ఏమీ అయ్యేది కాదు. ఆ ముక్క నా నాలుక చివరిదాకా వచ్చింది. నేను నిజాయితీ మీద ఊరూరా ఉపన్యాసాలిచ్చినదాన్ని కదా. ఆయన మసకబారిన కళ్ళతో నా మొహం కోసం వెతుకుతున్నాడు, ఊరంతా ఎగతాళి చేసిన ఇన్నేళ్ళలో ఆయన దగ్గర మిగిలిన సంతోషం ఇదొక్కటే.

“ఔ పెద్దనాయనా. నీ వల్లనే నిలబడింది” అన్నాను.

వచ్చేటప్పుడు కొడుకు ఆటో దాకా వచ్చాడు. చేతిలో ఒక సంచి, పైదాకా పచ్చి చెనిక్కాయలు. ఆటోలో నా కాళ్ళ దగ్గర పెట్టబోయి, ఆగి, నా చేతికే ఇచ్చాడు. తల ఎత్తి నా మొహంలోకి చూడలేకపోయాడు.

“మా నాయన చేసిన దానికి నువ్వు ఇన్నేండ్లు ఎంత బాధపడినావో అక్కా” అన్నాడు. “ఏమనుకోవద్దు. ముసలోడు. తెలియక చేసినాడు.”

నేను ఆ సంచి తీసుకున్నాను.